జ్యుడీషియల్ సెపరేషన్ తీసుకుంటే విడాకులు వచ్చినట్టేనా?

కాదు, జ్యుడీషియల్ సెపరేషన్ డిక్రీ (వేరుగా ఉండేందుకు కోర్టు ఇచ్చే ఉత్తర్వు) భార్యాభర్తలు కలిసి కాపురం చేయవలసిన బాధ్యతను మాత్రమే తొలగిస్తుంది, వివాహాన్ని రద్దు చేయదు. హిందూ వివాహ చట్టం, 1955లోని 10వ సెక్షన్ దీనికి ఆధారం. 1976 సవరణ తరువాత క్రూరత్వం, కనీసం రెండేళ్లపాటు విడిచిపెట్టి పోవడం వంటి విడాకుల కారణాలే దీనికీ వర్తిస్తున్నాయి. అయినా చట్టం దీనిని విడిగా ఉంచింది, ఎందుకంటే కలిసి ఉండలేని దంపతులు దూరంగా ఉండి ఆలోచించుకొని, రాజీ కుదిరితే కోర్టు ద్వారా డిక్రీని రద్దు చేయించుకొని, మళ్లీ పెళ్లి చేసుకునే అవసరం లేకుండానే కాపురం కొనసాగించవచ్చు. భరణం కోరే హక్కు కూడా ఉంటుంది.

తేడా ఆస్తి విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ డిక్రీతో వేరుగా ఉంటున్న భర్త వీలునామా రాయకుండా మరణిస్తే, అతని స్వార్జిత ఆస్తిలో భార్యకు పిల్లలతోనూ అత్తగారితోనూ సమానంగా వాటా వస్తుంది. విడాకులు మంజూరై ఉంటే ఆమె వారసురాలు కాదు.

ఏడాది గడిస్తే ఈ డిక్రీ దానంతటదే విడాకులుగా మారుతుందన్నది చాలామందికి ఉన్న అపోహ. నిజానికి డిక్రీ తరువాత ఏడాది, అంతకు మించి కాపురం మళ్లీ మొదలుకాకపోతే, ఇద్దరిలో ఎవరైనా విడాకుల కోసం వేరుగా పిటిషన్ వేయవచ్చు. విడాకులు మంజూరు కాకముందే చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, పైగా నేరం. ఇక పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న విడిపోయే కాగితం సాధారణంగా ఈ డిక్రీకి కూడా సమానం కాదు.