దువ్వినా పోని సుడి

ప్రశ్న: మావాడు ఎమ్మెస్సీ ఫిజిక్స్. ప్రాజెక్టు స్కిర్మియాన్ల మీదంట. అయస్కాంతంలో సుడులుంటాయి, ఆ సుడి ఒక ముడి లాంటిది, విప్పడం ఎవరి తరమూ కాదు, బుల్లి బిళ్ళలో పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది అంటాడు. విప్పలేని ముడైతే అందులో రాసిన డేటా చెరిపేదెట్లా? ముక్క చిన్నదైతే బలహీనపడాలి గానీ గట్టిపడటమేంటి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, రేపు వైవాలో కూడా ఇవే అడుగుతారు, మీరు ముందే అడిగేశారు.

ముందు మీవాడి నడినెత్తిన సుడి చూడండి (రెండుంటే రెండు పెళ్ళిళ్ళు అనే గోల పక్కన పెట్టండి). ఎంత నూనె రాసి దువ్వినా అది కాస్త ఇటో అటో జరుగుద్ది గానీ పోదు, చుట్టూ జుట్టంతా గుండ్రంగా తిరిగితే మధ్యలో నాలుగు వెంట్రుకలకి ఎటు పడుకోవాలో తెలీక నిక్కబొడుచుకుంటాయి. అయస్కాంతంలో ప్రతి అణువూ ఒక బుల్లి సూది అనుకోండి, పక్కదానితో ఒకే దిక్కున ఉండాలని దాని పట్టు. కానీ నికెల్, ఇనుము కలిపిన పెర్మలాయ్‌తో మైక్రాన్ (మిల్లీమీటర్లో వెయ్యో వంతు) లోపు గుండ్రటి బిళ్ళ చేస్తే, సూదులన్నీ ఒకేవైపు చూస్తే అంచుల్లో ధ్రువాలు బయటపడతాయి, దానికి ఎనర్జీ ఖర్చెక్కువ, అందుకని అంచు వెంబడి గుండ్రంగా తిరిగిపోతాయి, నట్టనడుమవి మాత్రం పైకో కిందికో నిలబడతాయి. 2000లో జపాన్ వాళ్ళు ఆ నడిమి చుక్కని ఫొటో తీసి చూపించారు, 2002లో ఇనుములో కొలిస్తే దాని వెడల్పు 9 నానోమీటర్లే (మైక్రాన్‌లో వెయ్యో వంతు ఒక నానోమీటర్)! అయితే బిళ్ళ మరీ చిన్నదైతే సుడి ఉండదు, అంత ఇరుకులో వంగడం కన్నా అన్నీ ఒకే దిక్కు చూడటమే చవక. కాబట్టి చిన్నదైతే గట్టి అనేది ఒక హద్దు వరకే.

ఇది బిళ్ళ ఆకారం వల్ల వచ్చిన సుడి. మీవాడి స్కిర్మియాన్‌లో సుడి పదార్థంలోనే ఉంది. (ఆ పేరు టోనీ స్కిర్మ్ అనే బ్రిటిష్ ఆయనది, 1960ల మొదట్లో ఆయన లెక్కలేసుకున్నది అణుకేంద్రం కోసం, అయస్కాంతాల ఊసే లేదు.) మాంగనీస్ సిలికాన్ స్ఫటికంలో అణువుల అమరిక కుడిచెయ్యి లాంటిది, అద్దంలో చూస్తే ఎడమచెయ్యి అయిపోద్ది, దాంతో పక్కపక్క సూదుల్ని కొంచెం మెలితిప్పే బలం ఒకటి పుడుతుంది. ఆ మెలికలతోనే నడుమ సూది కిందికి, చుట్టూ ఉన్నవి మెల్లగా తిరుగుతూ పైకి. 2009లో మ్యూనిక్ వాళ్ళు న్యూట్రాన్లతో పట్టుకున్నారు, కాకపోతే మైనస్ 244 డిగ్రీల దగ్గర, అదీ ఒకట్రెండు డిగ్రీల సందులో, బయటినుంచి సుమారు 0.2 టెస్లా అయస్కాంత క్షేత్రం (ఫీల్డ్) పెడితేనే. దిమ్మగా ఉన్నప్పుడు సూదులకి వేరే సుఖమైన అమరిక దొరుకుద్ది, నిలువునా స్క్రూలా తిరగడం. అదే పల్చటి పొర చేస్తే ఆ స్క్రూకి చోటు చాలదు, సుడి ఉండగలిగే వేడి, ఫీల్డ్ హద్దులు బాగా పెరిగిపోతాయి.

ఇక అంచు సంగతి. అంచున ఉన్న సూదికి బయటివైపు పక్కోడు లేడు కదా, మెలితిప్పే బలం దాన్ని ఒక పక్కకి వంచేస్తుంది, అట్లా వంగిన సూదుల వరస పొలంగట్టులా పనిచేసి సుడిని లోపలికే నెట్టుద్ది. 2016లో ప్లాటినం, కోబాల్ట్, మెగ్నీషియం ఆక్సైడ్ పొరల్లో మైక్రాన్ లోపు ముక్కలు కోసి చూస్తే గదివేడిలో, బయట ఏ ఫీల్డూ పెట్టకుండానే, 130 నానోమీటర్ల సుడి కూర్చుంది. నా లెక్కలో చిన్నముక్క గొప్పతనమంతా ఈ గట్టుదే.

మరి విప్పలేని ముడి? ఈ మాట నాకు నచ్చదు. పదార్థం ఎక్కడా తెగకుండా పాకంలా ఉంటేనే ఆ లెక్క పూర్తిగా నిజం. అసలు పదార్థం అణువులు, వాటి మధ్య ఖాళీలు. ఐరన్ జర్మేనియంలో సుడి సుమారు 70 నానోమీటర్లు, అంటే అడ్డంగా ఓ 150 స్ఫటికగళ్ళు, చాలానే, కానీ అనంతం కాదు. సుడి పోవడానికి రెండు దారులు: కుంచించుకుపోయి నడుమ సూది ఒక్కసారిగా తిరగబడటం, లేదా అంచు దాకా జరిగి గట్టు దూకేయడం. రెండిటికీ ఒక ఎనర్జీ గట్టుంది, దాని ఎత్తే మన్నిక. డేటా పదేళ్ళు ఉండాలంటే ఆ ఎత్తు, వేడికి అణువులు చేసే గలాటా ఎనర్జీకి కనీసం 40 రెట్లుండాలి. వేడి కొంచెం పెరిగితే ఆయుష్షు కొంచెం తగ్గడం కాదు, ధబేల్‌మని పడిపోద్ది. చెరపడమూ ఇదే, ఫీల్డ్ పెంచి నలిపేయడం, లేదా కరెంటు పల్స్‌తో అంచు దాటించడం.

కాబట్టి మీవాడు మళ్ళీ ముడి అన్నప్పుడు, నీ బిళ్ళలో సుడి జారిపోయే దారేది, అంచా నడుమా, అక్కడ గట్టు ఎత్తెంత అని అడిగి చూడండి.