అమెరికాలో ఇంటి ఫర్నేస్ రిపేరుకు ఎంతవుతుంది? కొత్తది పెట్టించుకోమంటే నమ్మాలా?

మీ ప్రశ్న చదివాను. ఒహాయోలో పాత ఇల్లు కొన్నారు, ఇంటిని వేడి చేసే ఫర్నేస్ ఆగిపోయింది, వచ్చిన టెక్నీషియన్ కాసేపు చూసి రిపేరు దండగ, 8,500 డాలర్లకు కొత్తది పెడతానన్నాడు, రేపటిలోగా చెప్పమన్నాడు. మామూలుగా రిపేరుకు ఎంతవుతుందని అడిగారు. ఖర్చుల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇంకొకరిని పిలిచి చూపించండి.

నేను మిషిగన్‌లో నోవై దగ్గర ఉంటాను. మే నెలలో ఖమ్మంలో కరెంటు పోతే వాకిట్లో మంచం వేసుకుని పడుకోవచ్చు. ఇక్కడ జనవరిలో ఫర్నేస్ ఆగితే బయటికి పోయే దారి కూడా ఉండదు. ఇల్లు గంటగంటకూ చల్లబడుతుంది. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలితే ఫర్నేస్ బిల్లును మించిన బిల్లు వస్తుంది. ఆ సమయంలో మనిషి దేనికైనా సరేనంటాడు. ఈ వ్యాపారంలో కొందరు అమ్ముకునేది ఆ భయాన్నే.

మా రెండోవాడు పుట్టిన శీతాకాలంలో మాకు ఇదే జరిగింది. అమ్మ ఖమ్మం నుంచి వచ్చి ఉంది. ఒక పొద్దున లేచేసరికి థర్మోస్టాట్ 58 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 14 డిగ్రీలు చూపిస్తోంది. మా ఆవిడ బాలింత, పైన బిడ్డను రెండు దుప్పట్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బేస్‌మెంట్‌లోకి వెళ్ళి చూస్తే ఫర్నేస్ మొదలవుతోంది, లోపల చిన్న ఫ్యాను తిరుగుతోంది, మంట మాత్రం రావట్లేదు. కాసేపు ఆగి మళ్ళీ అదే తంతు.

టీవీలో ప్రకటనలిచ్చే ఒక పెద్ద కంపెనీకి ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి ఒక కుర్రాడు టాబ్లెట్ పట్టుకుని వచ్చాడు. తలుపు తీశాడు, టార్చి వేశాడు, పొగను బయటికి నెట్టే ఆ చిన్న ఫ్యాను మోటారు, అంటే ఇన్‌డ్యూసర్ మోటారు పోయిందన్నాడు. ఫర్నేస్‌ను నడిపించే కంట్రోల్ బోర్డు మీద కూడా అనుమానమేనట. రెండూ మారిస్తే 1,900 డాలర్లు. వెంటనే టాబ్లెట్‌లో ఇంకో పేజీ తెరిచి, ఈ ఫర్నేస్‌కు పధ్నాలుగేళ్ళు, దీని మీద డబ్బు పోయకండి, కొత్తది 9,200, ఇవాళే సంతకం పెడితే 8,400, పద్దెనిమిది నెలలు వడ్డీ లేదు అని గడగడా చెప్పేశాడు.

అమ్మ మెట్ల మీద నిలబడి అంతా చూస్తోంది. ఏమంటున్నాడని అడిగితే మోటారు పోయిందట అని చెప్పాను. "మోటరు పోతే తిరగదు కదరా. అది తిరుగుతనే ఉంది. లోపల నీళ్ళు గుడగుడమంటున్నయ్, నిన్నటి సంది వింటున్న" అంది. నేను ఆ మాట అతనికి చెబితే అది బేరింగ్ చప్పుడన్నాడు. ఫర్నేస్ ముందు చెవి పెట్టి విన్నాను. నీళ్ళ చప్పుడే. అతను వచ్చినందుకు 129 డాలర్లు కట్టి పంపించేశాను.

గుడిలో పరిచయమైన ఒకాయన ఇంకో నంబరిచ్చారు. ఒక్కడే వ్యాన్ వేసుకుని తిరిగే పెద్దాయన, సాయంత్రం వచ్చాడు. ముందు కాసేపు నిలబడి విన్నాడు. తర్వాత బకెట్ తెమ్మని, ఇన్‌డ్యూసర్ కింద ఉన్న రబ్బరు గొట్టం ఊడదీశాడు. బుడబుడమని నీళ్ళు బకెట్‌లోకి దూకాయి. 90 శాతం పైన సామర్థ్యం ఉన్న ఫర్నేస్‌లు పొగలోంచి కూడా వేడి పిండుకుంటాయి. ఆ పొగలోని ఆవిరి నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు ట్రాప్ అనే ఒక వంపు మార్గం గుండా బయటికి పోవాలి. మాకు ఆ ట్రాప్‌లో జిగురు పేరుకుంది. నీళ్ళు పైకి ఎక్కడంతో, పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో చూసే ప్రెషర్ స్విచ్ పడట్లేదు, అది పడితే తప్ప బోర్డు మంట వెలగనివ్వదు. ఆయన ట్రాప్ కడిగి, పనిలో పనిగా మంటను కనిపెట్టే ఫ్లేమ్ సెన్సర్ కూడా రుద్ది పెట్టి, 165 డాలర్లు తీసుకున్నాడు. మంట వెలిగాక అమ్మకు దండం పెట్టి మరీ వెళ్ళాడు. ఇప్పటికీ మా ఇంట్లో అదే ఫర్నేస్ నడుస్తోంది.

ఇక మీరడిగిన లెక్కలు. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో అయిన బిల్లులను బట్టి చెబుతున్నాను. మనిషి వచ్చి చూసినందుకే 90 నుంచి 150 డాలర్లు, రాత్రిపూటో ఆదివారమో అయితే ఇంకా ఎక్కువ. రిపేరు చేయిస్తే చాలామంది ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారు, ఫోన్‌లోనే అడగండి. ఫ్లేమ్ సెన్సర్ శుభ్రం చేయడం, మంట అంటించే ఇగ్నైటర్ మార్చడం లాంటివి 150 నుంచి 400 లోపు తెమలాలి. ఆ పార్టుల అసలు ధర చాలా తక్కువ, మీరు కట్టేది మనిషికీ వ్యాన్‌కీ. అది న్యాయమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఇన్‌డ్యూసర్, బోర్డు, వేడిగాలిని గదుల్లోకి తోసే బ్లోయర్ మోటారు దగ్గరికొస్తే 500 నుంచి 1,500 దాకా పోతుంది, వేగం మార్చుకునే రకం మోటారైతే పై అంచుకే వెళుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: శీతాకాలంలో ఆగిపోయే ఫర్నేస్‌లలో ఎక్కువ భాగం చిన్న రిపేరుతో లేచి నడిచేవే.

మంట వేడిని ఇంటి గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలిందంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అందులోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు, దానికి వాసన ఉండదు. కానీ అమ్మకానికి ఎక్కువగా వాడుకునే మాట కూడా ఇదే. కెమెరా పెట్టి పగులు చూపించమనండి, మీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఆ వాయువును కొలిచే మీటర్‌లో వచ్చిన అంకె కాగితం మీద రాసిమ్మనండి. నిజంగా పగిలి ఉంటే చూపించడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. అప్పుడు ఆ ఫర్నేస్ ఆపేయడమే సరి. ఆ పార్టుకు తయారీ కంపెనీ వారంటీ చాలా బ్రాండ్లలో ఇరవై ఏళ్ళు, కొన్నింట్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. కాకపోతే ఇల్లు చేతులు మారితే తరచూ తగ్గిపోతుంది, కూలి డబ్బు అందులో రాదు. లోపలి తలుపు దగ్గర మోడల్, సీరియల్ నంబర్లుంటాయి, ఆ కంపెనీకి ఫోన్ చేసి అడగండి.

మన వాట్సాప్ గ్రూపుల్లో "హీటర్ పనిచేయట్లేదు" అని రాయగానే "పదేళ్ళు దాటిందా? మార్చెయ్ బ్రో" అని జవాబిచ్చేవాళ్ళుంటారు. లోపం ఏమిటో అడగకుండా ఎదుటివాడి ఎనిమిది వేలు ఖర్చు పెట్టించడం ఏం సలహా? కొత్తది కొంటే టాక్సులో 600 డాలర్లు వెనక్కొస్తాయని కూడా చెబుతారు. ఆ ఫెడరల్ క్రెడిట్ (కేంద్ర ప్రభుత్వ పన్ను రాయితీ) 2025 డిసెంబరు 31తో ముగిసింది. సేల్స్‌మాన్ ఇంకా ఆ మాట చెబితే అతని మిగతా మాటలు కూడా జాగ్రత్తగా వినండి. వాడని గదుల్లో వేడిగాలి వచ్చే వెంట్లు మూసేస్తే గ్యాస్ ఆదా అవుతుందన్నది ఇంకో సలహా. గాలి తగ్గి ఫర్నేస్ వేడెక్కి, లిమిట్ స్విచ్ పడి ఆగుతుంది, అప్పుడు మళ్ళీ టెక్నీషియన్. దుమ్ము పట్టిన ఫిల్టర్ చేసే పనీ అదే.

ఆ రోజు అమ్మ బిడ్డకు వెచ్చగా ఉంటుందని కుంపటి పెడదామంది, సాంబ్రాణి వేద్దామంది. మన ఇళ్ళల్లో బాలింత గదిలో కుంపటి పెట్టేవాళ్ళే. ఇక్కడ తలుపులన్నీ బిగించిన ఇంట్లో బొగ్గులు వెలిగిస్తే ప్రాణాలు పోతాయని చెప్పి ఆపాను. ఊళ్ళో నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు దయచేసి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి ఇల్లు వేడి చేయడం కూడా అంతే ప్రమాదం. కరెంటు హీటర్‌ను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టండి, ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. పైపులు గడ్డకట్టకుండా కుళాయిలు సన్నగా కారనివ్వండి. గ్యాస్ వాసన వస్తే బయటికి వచ్చేసి గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి.

రెండో టెక్నీషియన్ వచ్చినప్పుడు మొదటివాడు ఏం చెప్పాడో చెప్పకండి. బోర్డు మీద లైటు ఎన్నిసార్లు మిణుకుమంటోందో, దాని అర్థమేమిటో చూపించమనండి. ఆ అర్థాలు రాసిన పట్టిక సాధారణంగా ఫర్నేస్ తలుపు లోపలి వైపే అంటించి ఉంటుంది. ఇద్దరూ ఒకే పార్టు పేరు చెప్పి, కళ్ళకు చూపిస్తే ఖర్చు పెట్టండి. వేర్వేరు పేర్లు చెబితే, మళ్ళీ ఇక్కడ రాయండి. ఆ లైటు ఫొటో, మోడల్ నంబరు పెడితే చాలు, నాకు తెలిసినంతవరకు చూసి చెబుతాను.