స్వరం – సందేహం: యూరప్‌లో పాత తరహా జాజ్ వాయించినవాళ్లు

ఉత్తర తెలంగాణ పెండ్లి బ్యాండ్ల మీద గత సంచికలో వచ్చిన వ్యాసంలో, మన బ్యాండు మేళాలు వాయించే క్లారినెట్, ట్రంపెట్లే అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో జాజ్‌కు ఆధారమయ్యాయనీ, ఆ పాత తరహా జాజ్‌ను పట్టుదలగా వాయించే బృందాలు యూరప్‌లో చాలా ఉన్నాయనీ రాశాం. ఆ మాట మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

మా తాత, మా నాన్న ఇద్దరూ బ్యాండు మేళంలో వాయించినవాళ్లే. ఫోన్‌లో యూరప్ బ్యాండ్ల వీడియోలు చూస్తే అవే వాయిద్యాలు కనిపిస్తున్నాయి. ఇది కాకతాళీయమా? ఇంతకూ ఆ సంగీతంలో మన బ్యాండుకు లేనిది ఏమిటి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

కాకతాళీయం కాదు. రెండు చోట్లా ఈ వాయిద్యాలు సైనిక బ్యాండ్ల నుంచి జనంలోకి దిగివచ్చినవే. మనకు బ్రిటిష్ పటాలాల బ్యాండ్లు దారి చూపాయి. న్యూ ఆర్లీన్స్‌లో ఊరేగింపులకూ శవయాత్రలకూ వాయించే నల్లజాతి బ్యాండ్ల చేతుల్లో అవే వాయిద్యాలు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో జాజ్ పలికాయి. పెండ్లికీ చావుకూ ఒకే బ్యాండు రావడం మీకు కొత్తగా తోచదు.

తేడా వాయించే తీరులో ఉంది. మన బ్యాండు సినిమా పాట ఎత్తుకుంటే ముందు వరుసలోని వాళ్లంతా దాదాపు ఒకే వరుసను కలిసి వాయిస్తారు. పాత తరహా జాజ్‌లో ముందు వరుస ముగ్గురిది: ట్రంపెట్ పాటను నడిపిస్తుంది, క్లారినెట్ ఆ పాట పైన చురుకైన అల్లికలు వేస్తుంది, ట్రాంబోన్ కింది స్వరాల్లో జారుతూ ఖాళీలను పూరిస్తుంది. ముగ్గురూ ఏకకాలంలో, ముందుగా రాసిపెట్టుకోకుండా, మూడు వేర్వేరు వరుసలను అప్పటికప్పుడు కల్పిస్తారు. వెనుక బ్యాంజో, బేస్ లేదా ట్యూబా, డ్రమ్స్, కొన్నిసార్లు పియానో లయను పట్టి ఉంచుతాయి. మన కచేరీలో మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడం, ఒక్కరి తర్వాత ఒక్కరికి వస్తుంది. ఇక్కడ ముగ్గురి మనోధర్మం ఒకేసారి నడుస్తుంది కాబట్టి, ఎదుటివాడిని వినడం రానివాడు ఎంత విద్వాంసుడైనా ఇందులో నిలవలేడు.

సముద్రం అవతల పుట్టిన సంగీతం యూరప్ వాళ్లకు ఎట్లా అబ్బింది? నేర్పిన గురువులెవరు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

గురువుల్లో మొదటి పేరు న్యూ ఆర్లీన్స్ క్లారినెట్ కళాకారుడు సిడ్నీ బెషేది. 1919లో ఆయన సదరన్ సింకోపేటెడ్ ఆర్కెస్ట్రాతో పాటు లండన్ వచ్చాడు. ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్ అనే తెల్లవాళ్ల బృందం కూడా ఆ ఏడాదే అక్కడికి చేరింది. స్విట్జర్లాండ్ వాద్యబృంద నిర్దేశకుడు ఎర్నెస్ట్ అన్సెర్మే బెషే క్లారినెట్ విని, పత్రికలో ఒక వ్యాసం రాశాడు. శాస్త్రీయ సంగీతజ్ఞుడొకరు జాజ్ కళాకారుణ్ణి గౌరవంగా అంచనా కట్టిన తొలి వ్యాసాల్లో అది ఒకటి. తర్వాతి రోజుల్లో బెషే పేరు చెబితే గుర్తుకొచ్చిన సోప్రానో శాక్సఫోన్‌ను ఆయన కొన్నది లండన్‌లోనే. పారిస్‌లో 1928లో జరిగిన తుపాకీ గొడవలో జైలు పాలై, ఆ దేశం విడిచి వెళ్లవలసివచ్చిన ఈ మనిషినే, 1949లో తిరిగి వచ్చినప్పుడు ఫ్రాన్సు నెత్తిన పెట్టుకుంది. క్లోద్ లూతేర్ అనే యువకుడి బృందంతో కలిసి ఆయన వాయిస్తుంటే ఎగబడి విన్నారు. 1955లో పారిస్ ఒలింపియా హాలులో జరిగిన కచేరీకి వచ్చిన కుర్రకారు ఉత్సాహం పట్టలేక కుర్చీలు విరగ్గొట్టింది. 1959లో, సరిగ్గా తన పుట్టినరోజునే, ఆయన పారిస్ సమీపంలో కన్నుమూశాడు.

అయితే ఇంగ్లండులో నేర్చుకున్న తరానికి అసలు గురువు గ్రామఫోన్ రికార్డు. బ్రిటిష్ కళాకారుల సంఘం పట్టుబట్టడంతో 1935 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు అమెరికన్ బ్యాండ్లు బ్రిటన్‌లో వాయించడానికి అనుమతి దొరకలేదు. 1949లో బెషే లండన్ వచ్చి ఇంగ్లిష్ ట్రంపెట్ కళాకారుడు హంఫ్రీ లిటెల్‌టన్ బ్యాండుతో వేదికెక్కితే, ఆ కచేరీ ఏర్పాటు చేసినవాళ్లు కోర్టుకెక్కి జరిమానా కట్టారు. కాబట్టి కుర్రవాళ్లకు మిగిలింది నిమిషానికి 78 చుట్లు తిరిగే, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట పట్టే పళ్లెం. ముల్లును వెనక్కి తీసి పెట్టి, ఒక్కో వరుసను చెవితో పట్టి, ఇంట్లో వాళ్లు తిట్టేదాకా సాధన చేశారు. మన మేళాల్లో పిల్లలు కొత్త సినిమా పాటను ఫోన్‌లో పదిసార్లు వెనక్కి జరిపి పట్టుకునే పద్ధతికి ఇది పెద్ద దూరం కాదు.

రికార్డుతో తృప్తి పడనివాడు ట్రంపెట్ వాయించే ఇంగ్లిష్ యువకుడు కెన్ కోలియర్. న్యూ ఆర్లీన్స్ చేరడానికి వాణిజ్య నౌకలో కొలువు సంపాదించి, 1952లో అమెరికా తీరంలో ఓడ దిగిపోయి, ఆ నగరంలో జార్జ్ లూయిస్ వంటి ముసలి కళాకారుల పక్కన కూర్చుని వాయించాడు. వీసా గడువు దాటినందుకు అధికారులు జైల్లో వేసి, 1953లో వెనక్కి పంపారు. తిరిగి వచ్చేసరికి లండన్‌లో ఆయన వీరుడు. క్రిస్ బార్బర్ (ట్రాంబోన్), మాంటీ సన్‌షైన్ (క్లారినెట్), లానీ డొనెగన్ (బ్యాంజో) తమ కొత్త బ్యాండుకు ఆయననే నాయకుణ్ణి చేశారు. ఆ సయోధ్య ఏడాదికి మించి నిలవలేదు. న్యూ ఆర్లీన్స్‌లో విన్నదానికి వెంట్రుకవాసి తేడా కూడా ఆయన ఒప్పుకోడు, వాళ్లు మారకుండా ఉండరు.

మా నాన్న క్లారినెట్ వాయిస్తాడు. మూఢం వచ్చిందంటే దానికి గుడ్డ చుట్టి పెట్టి సుతారి పనికి పోతాడు. యూరప్‌లో ఈ సంగీతం వాయించినవాళ్లకు అదే బతుకుదెరువా?
– ఒక డిగ్రీ విద్యార్థి, జమ్మికుంట

కొద్దిమందికి మాత్రమే, అదీ కొంత కాలమే. మీ నాన్నగారికి కాలాన్ని బట్టి పని మారితే, వాళ్లలో చాలామందికి పగలు ఒక పని, రాత్రి ఒక పని. క్రిస్ బార్బర్ బీమా లెక్కల ఉద్యోగంలో శిక్షణ పొందుతూ, ట్రాంబోన్ మోజుతో దాన్ని వదిలి సంగీత కళాశాలలో చేరాడు. ఆయన బ్యాండులో ట్రంపెట్ వాయించిన పాట్ హాల్‌కాక్స్ రసాయన శాస్త్రం చదివినవాడు. ముందు పిలిచినప్పుడు చదువే ముఖ్యమన్నాడు కానీ, 1954లో చేరాక 2008 దాకా ఆ బ్యాండు వదలలేదు. లిటెల్‌టన్ ఈటన్ అనే పేరున్న బడిలో చదివిన పెద్దింటి బిడ్డ. సైన్యంలో అధికారిగా చేసి, తర్వాత దినపత్రికలో కార్టూన్లు వేస్తూ ట్రంపెట్ వాయించాడు. నెదర్లాండ్స్‌లో జర్మన్ ఆక్రమణ ముగిసిన 1945 మే 5నే మొదలైన డచ్ స్వింగ్ కాలేజ్ బ్యాండ్ పదిహేనేళ్లు ఔత్సాహికుల బ్యాండుగానే సాగింది. దాని నాయకుడు పీటర్ స్కిల్పెరూర్ట్ మధ్యలో కొన్నేళ్లు విమాన కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేసి వచ్చాకే, 1960లో అది పూర్తి వృత్తి బృందమైంది.

వీళ్లందరిలో మీ నాన్నగారికి చెప్పదగ్గ కథ ఆకర్ బిల్క్‌ది, ఎందుకంటే ఆయనదీ క్లారినెట్టే. ఇంగ్లండులో సోమర్‌సెట్ ప్రాంతపు పల్లెటూరివాడు. పొగాకు కర్మాగారంలో పనిచేశాడు, కమ్మరి పని నేర్చాడు. బడిలో కొట్లాడి రెండు ముందరి పళ్లు, మంచు మీద జారుడు బండి ప్రమాదంలో ఒక వేలి కొస పోగొట్టుకున్నాడు. క్లారినెట్‌కు పంటి పట్టూ, వేలి కొసా ఎంత ముఖ్యమో మీ ఇంట్లో వేరే చెప్పనక్కరలేదు. ఈజిప్టులో సైన్యంలో ఉండగా కాపలా వేళ నిద్రపోయినందుకు శిక్ష పడితే, ఆ ఖాళీ కాలంలోనే క్లారినెట్ సాధన చేశాడు. మంద్ర స్థాయిలో బరువైన కంపితంతో సాగే ఆ వాయింపుకు తన శరీర లోపాలు కూడా కారణమని ఆయనే చెప్పుకునేవాడు. కూతురి పేరు పెట్టుకున్న ఒక చిన్న బాణీని బీబీసీ పిల్లల ధారావాహికకు తీసుకుని, ఆ ధారావాహిక పేరే బాణీకి పెట్టారు. 'స్ట్రేంజర్ ఆన్ ది షోర్' అనే ఆ రికార్డు బ్రిటన్ అమ్మకాల పట్టికలో ఏడాదికి పైగా నిలిచి, 1962 మేలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. నిజానికి అది తంత్రీవాద్యాల మధ్య మెల్లగా సాగే సినిమా తరహా పాట, జాజ్ పాలు తక్కువ. ఆయనకు జీవితాంతం అన్నం పెట్టింది మాత్రం అదే.

హిట్లర్ కాలంలో జర్మనీలో జాజ్ నిషేధించారని చదివాను. అప్పుడు వాయించేవాళ్లు ఏమయ్యారు?
– ఒక సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల

నల్లవాళ్లదీ యూదులదీ అని నాజీలు ఆ సంగీతాన్ని అసహ్యించుకున్నారు. రేడియోలో నిషేధించారు. హాంబర్గ్‌లో దాన్ని వింటూ నాట్యమాడే యువకులను పట్టి నిర్బంధించారు. బెర్లిన్ గిటారిస్టు కోకో షూమన్‌ను టెరెజిన్ నిర్బంధ నగరానికి పంపితే, అక్కడ ఖైదీల జాజ్ బృందంలో వాయించాడు. 1944లో ఔష్విట్జ్ మృత్యు శిబిరానికి తరలించారు. అక్కడా కాపలావాళ్ల వినోదం కోసం వాయించవలసివచ్చింది. బతికి బయటపడి 2018లో, 93వ ఏట మరణించాడు. బతికినన్నాళ్లూ గిటార్ వదలలేదు.

మీరు రాసేవన్నీ మగవాళ్ల పేర్లే. ఆడవాళ్లు లేరా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

తక్కువే, కానీ ఉన్నారు. ఉత్తర ఐర్లండుకు చెందిన ఒటిలీ ప్యాటర్సన్ చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయురాలు. 1955 ఆరంభంలో బార్బర్ బ్యాండులో చేరి, నల్లజాతివాళ్ల వేదన పలికే బ్లూస్ పాటలను ఎవరి యాసనో అరువు తెచ్చుకున్నట్టు తోచకుండా పాడింది. గాత్రం దెబ్బతిని త్వరగానే వేదికకు దూరమైంది. బెరిల్ బ్రైడెన్ గాయని, బట్టలుతికే గరుకు పలకను వాయిద్యంగా వాయించేది. కింది జవాబులో వచ్చే ప్రసిద్ధ రికార్డులో ఆ గరగర ఆమెదే.

బీటిల్స్ బృందానికీ ఈ ముసలి జాజ్ బ్యాండ్లకూ సంబంధం ఉందని మా మాస్టారు అన్నారు. నిజమేనా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

మీ మాస్టారు నిజమే చెప్పారు. కచేరీ మధ్యలో ఊదేవాళ్లకు పెదవులు అలసిపోతాయి కదా. వాళ్లు ఊపిరి తీసుకునే విరామంలో బ్యాంజో వాయించే డొనెగన్ గిటార్ పట్టుకుని, బేస్, గరుకు పలక తోడుగా అమెరికన్ జానపద గీతాలు పాడేవాడు. 1954లో బార్బర్ బ్యాండు ఆల్బం కోసం అట్లా పాడిన 'రాక్ ఐలాండ్ లైన్' తర్వాత విడి రికార్డుగా వచ్చి, 1956లో దేశాన్ని ఊపేసింది. చవక గిటారూ, టీ పెట్టెకు కర్రా తాడూ కట్టిన బేసూ ఉంటే చాలునని వేలమంది కుర్రవాళ్లు బృందాలు కట్టారు. లివర్‌పూల్‌లో జాన్ లెనన్ కట్టింది అట్లాంటిదే. ఆ బృందమే కాలక్రమంలో బీటిల్స్ అయింది. వాళ్లు వాయించి పేరు తెచ్చుకున్న కావర్న్ క్లబ్ కూడా 1957లో జాజ్ కోసం తెరిచినదే.

బార్బర్ సొంత డబ్బూ పలుకుబడీ పెట్టి అమెరికన్ గాయని సిస్టర్ రొజెట్టా థార్ప్‌నూ, 1958లో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌నూ బ్రిటన్ రప్పించి తన బ్యాండుతో వాయింపజేశాడు. మడ్డీ వాటర్స్ విద్యుత్ గిటార్ విన్నవాళ్లలోంచే బ్రిటిష్ బ్లూస్, ఆ తర్వాత రాక్ బృందాలు పుట్టాయి. 1963లో బీటిల్స్ హోరు వచ్చాక పాత జాజ్ బ్యాండ్లకు డ్యాన్సు హాళ్లు మూతబడ్డాయి. పెంచినవాళ్ల మడి చెక్కను పెరిగినవాళ్లే దున్నుకున్నారు.

ఒకరి సంగీతాన్ని అచ్చంగా అనుకరించడం కళ ఎట్లా అవుతుంది? ఆ బ్యాండ్లు ఇప్పుడున్నాయా?
– ఒక చేనేత కార్మికుడు, సిరిసిల్ల

ఈ తగాదా వాళ్ల మధ్యనే రగిలింది. 1953లో లిటెల్‌టన్ తన బ్యాండులో ఆల్టో శాక్సఫోన్ చేర్చగానే, పాత పద్ధతి తప్పాడని బర్మింగ్‌హామ్ కచేరీలో శ్రోతలు 'వెళ్లిపో' అని తిట్టే బ్యానర్ ఎత్తారు. నా అభిప్రాయం అడిగితే, అచ్చంగా అనుకరించాలనుకున్నవాళ్లలోనూ ఎవరి ఊపిరి వాళ్లది బయటపడుతూనే ఉంది. లండన్ ట్రంపెట్ కళాకారుడు కెన్నీ బాల్ 1961లో వాయించిన 'మిడ్‌నైట్ ఇన్ మాస్కో' ఒక సోవియట్ పాట బాణీ. న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో ఒక ఇంగ్లిష్‌వాడు వాయించిన రష్యన్ పాట అమెరికాలో రెండో స్థానం దాకా పోయిందంటే, అందులో ఎవరి అనుకరణ ఎంతో విడదీయడం నా తరం కాదు. కోలియర్ నిష్ఠను గౌరవిస్తాను, బార్బర్ రికార్డులు పెట్టుకుంటాను.

బ్రిటన్‌లో గిరాకీ పడిపోయాక జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్ ఈ కళాకారులను ఆదుకున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ బారెల్‌హౌస్ జాజ్ బ్యాండ్ 1953 నాటిది. ఆనాటి తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1971లో మొదలైన డిక్సీలాండ్ (పాత తరహా జాజ్) ఉత్సవం ప్రభుత్వాలు మారినా ఆగలేదు. బార్బర్ 2019 దాకా బ్యాండు నడిపి, 2021లో తొంభయ్యేళ్ల వయసులో మరణించాడు.

మా మేళంలో కుర్రవాళ్లకు వినిపించాలంటే ఏది మొదట పెట్టాలి?
– ఒక బ్యాండ్ మాస్టర్, పరకాల

బెషే 1952లో కట్టిన 'పెతీత్ ఫ్లర్'తో మొదలుపెట్టండి. ముందు ఆయన సోప్రానో శాక్సఫోన్‌పై వాయించినది, వెంటనే బార్బర్ బ్యాండు కోసం మాంటీ సన్‌షైన్ 1956లో క్లారినెట్‌పై వాయించినది వినిపించండి. మొదటిది జి మైనర్ అనే శ్రుతిలో ఉంటుంది, రెండోది అర మెట్టు పైన ఎ ఫ్లాట్ మైనర్‌లో ఉంటుంది. సన్‌షైన్ పాట నేర్చుకున్న గ్రామఫోన్ కొంచెం వేగంగా తిరగడం వల్ల శ్రుతి పెరిగిందనీ, ఆయన దాన్నే అసలు శ్రుతి అనుకుని పట్టాడనీ చెబుతారు. 1959లో బ్రిటన్‌లో మూడో స్థానానికి చేరింది ఆ పెరిగిన శ్రుతే. బి ఫ్లాట్ క్లారినెట్‌పై ఆ శ్రుతిలో వేళ్లు ఎంత చిక్కుపడతాయో మీ కుర్రవాళ్లతో వాయింపించి చూడండి. తర్వాత బార్బర్ బ్యాండు వేగవంతమైన పాట ఏదైనా పెట్టి, మొదటిసారి ట్రాంబోన్‌ను మాత్రమే, రెండోసారి క్లారినెట్‌ను మాత్రమే చెవితో వెంబడించమనండి. యుఫోనియం వాయించే కుర్రవాడికి ట్రాంబోన్ వరుస ఇవ్వవచ్చు. జారుళ్లు రావు కానీ మిగతాదంతా పలుకుతుంది.