ఆఫీసుకి బ్రా వేసుకోవాలా వద్దా: చిట్టికి పిన్ని ఉత్తరం

చిట్టీ,

గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చిందన్న కబురు మీ అమ్మ ఒక్క నిమిషంలో చెప్పేసింది. ఆ తరవాత అరగంటసేపు "ఆఫీసుకి బ్రా వేసుకోనంటోందే, నువ్వయినా చెప్పవే" అని ఒకటే బాధ. సొంత జీతంతో, సొంత గదిలో నువ్వు నిలబడుతున్నావంటే నాకెంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. రెండు భయాలు కూడా ఉన్నాయి. ఒకటి నీ ఒంటి గురించి. రెండోది, ఎవరో ఏదో అన్నారని నోరెత్తకుండా ఉద్యోగం మానేసి వచ్చేస్తావేమోనని.

వేసుకోవడం, మానడం నీ ఇష్టం. ఆడవాళ్లు ఆఫీసుకి బ్రాతోనే రావాలనే చట్టం మన దేశంలో లేదు. వేసుకోకపోతే రొమ్ములు జారిపోతాయని మీ అమ్మ అన్న మాట పట్టించుకోకు. అవి జారేది వయసుతో, కాన్పులతో, బరువు పెరిగి తగ్గడంతో, పొగతాగే అలవాటుతో. వేసుకుంటే కేన్సర్ వస్తుందని నీ స్నేహితురాలు చెప్పినదీ నమ్మకు. సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ పరిశోధన కేంద్రం వాళ్లు 2014లో దీని మీద అధ్యయనం ప్రచురించారు, బ్రాకీ కేన్సర్‌కీ సంబంధమేమీ కనబడలేదు.

నన్ను ఆపింది నువ్వు చెప్పిన కారణం. సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి, వీపు మీద గీతలు పడతాయి, ఇల్లు చేరగానే విప్పి పారెయ్యాలనిపిస్తుంది అన్నావట. అది తప్పు సైజు చేసే పని తల్లీ. మూడు తరాలుగా మన ఇళ్లలో జరుగుతున్న పొరపాటు ఇది.

వెనకటి రోజుల్లో బాడీలు కొనాలంటే కౌంటర్లో మగాళ్లుండేవారు. గొంతు తగ్గించి ఒక అంకె చెప్పడం, వాళ్లు పేపర్లో చుట్టి ఇవ్వడం, సంచీలో అడుగున దాచుకుని రావడం. టేపు పెట్టి కొలిచిన వాళ్లు లేరు. తల్లి సైజే కాస్త అటూ ఇటూగా కూతురికి వచ్చేది. బిగుతుగా ఉందంటే షాపువాడు చెప్పే మందు ఒక్కటే, పై అంకె. 34 బి పట్టకపోతే 36 బి, అదీ పట్టకపోతే 38 బి. చిన్న ఊళ్లలో ఇప్పటికీ సి, డి కప్పులు అడిగితే అంతగా దొరకవు, పై అంకే చేతిలో పెడతారు.

ఈ మందు ఎందుకు మోసం చేస్తుందో విను. అంకె చెప్పేది రొమ్ముల కింద ఒంటిని చుట్టే బ్యాండు కొలత. అక్షరం చెప్పేది కప్పు లోతు. కానీ బ్యాండు పెరిగితే కప్పు కూడా పెరుగుతుంది. 36 బి కప్పులో పట్టేదీ 34 సి కప్పులో పట్టేదీ ఒకటే. అందుకే 36 బి వేసుకోగానే పైన పొంగడం ఆగిపోతుంది, హాయిగానూ ఉంటుంది. బ్యాండు మాత్రం వదులైపోయింది. బరువులో ఎక్కువ భాగం మొయ్యాల్సింది బ్యాండు. అది వదులైతే వీపు మీద పైకి పాకుతుంది, ముందు భాగం కిందికి వాలుతుంది. వాలిందని భుజాల పట్టీలు బిగిస్తావు. ఇక బరువంతా ఆ రెండు సన్నటి పట్టీల మీదే. భుజాల మీద గాట్లు, మెడ నొప్పి అక్కణ్నుంచే. ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు మెడ వంచి కూర్చునే పిల్లకి ఇది ఇంకా నరకం. నువ్వూ అలా 36 బి వేసుకుంటున్నావంటే, నీకు కావాల్సింది 34 సి అయ్యుండొచ్చు.

కాబట్టి ముందు కొలుచుకో. నెలసరికి ముందు వారం వద్దు, అప్పుడు రొమ్ములు ఉబ్బుతాయి. నెలసరి అయ్యాక కొలుచుకో. ఊపిరి వదిలి రొమ్ముల కింద టేపు బిగుతుగా చుట్టు, తరవాత నిండుగా ఉన్నచోట వదులుగా చుట్టు. రెండూ సెంటీమీటర్లలో రాసుకో. సైజు అంకె కట్టడంలో కంపెనీకో లెక్క ఉంటుంది, వాళ్ల పట్టికలోనే చూడాలి. కొత్తది చివరి హుక్కు మీద, అంటే బాగా వదులుగా ఉండే దాని మీద సరిపోవాలి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలి హుక్కులకి వెళ్తావు. ముందుకి వంగి వేసుకుని, చంకల వైపున్నది కప్పులోకి సర్దుకో. బ్యాండు కింద రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వద్దు. చేతులెత్తితే అది కదలకూడదు.

ఇంత చేశాక కూడా వద్దనిపిస్తే మానెయ్. లైనింగ్ ఉన్న కుర్తా, లోపల కాటన్ స్లిప్పు చాలు. చీరకైతే జాకెట్టుకి కప్పులు కుట్టించుకో. స్కూటీ మీద గతుకుల్లో వెళ్లేటప్పుడు మాత్రం స్పోర్ట్స్ బ్రా సుఖం, ఆఫీసులో విప్పేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. రొమ్ములు నిండుగా ఉన్నవాళ్లకి ఏమీ లేకపోతే కింద చర్మానికి చర్మం ఆని చెమట నిలుస్తుంది, ఎండాకాలంలో ఒరిసి తామర పట్టేస్తుంది. మధ్యలో కాటన్ గుడ్డ ఏదో ఒకటి ఉండాలి.

ఆ తామరంటేనే నాకు భయం. హాస్టల్లో బ్రాని తువ్వాలు కింద దాచి ఆరేస్తారు. అది లోపల చెమ్మగానే ఉంటుంది, పొద్దున్న హడావిడిలో అదే వేసుకుంటారు. అలా చెయ్యకే. గాలి, ఎండ తగిలేలా ఆరెయ్యి, ఎవరు చూస్తే ఏం? పట్టీలతో వేలాడదీస్తే నీటి బరువుకి సాగుతాయి, మధ్యలో మడిచి వెయ్యి. మూడు ఉంచుకో. దురద వస్తే మందుల షాపువాడిచ్చే క్రీము రాయకు. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కలిసినవి రెండ్రోజులు దురద తగ్గించి, తామరని మొండిగా చేస్తాయి. చర్మం డాక్టరుకి చూపించు. రొమ్ములో గడ్డలాంటిది చేతికి తగిలినా, చర్మం గుంట పడ్డా సిగ్గుపడి కూర్చోకు, ఆ వారమే వెళ్లు.

ఇక ఆఫీసు. ఎవరైనా నీ లోదుస్తుల గురించి నియమం ఉందంటే, రాతలో పంపమని ఈమెయిల్లో మర్యాదగా అడుగు. వెకిలి మాటలంటే సంగతి వేరు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల్ని ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు ఆడమనిషే. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అందుకే అన్న రోజే తేదీ, చోటు, ఆ మాట అన్నది అన్నట్టుగా, విన్నవాళ్ల పేర్లు రాసి పెట్టుకో. రాజీనామా రాసే ముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

చేరే రోజులోపు కొలతలు పంపు. లోదుస్తులు చాలాచోట్ల వాపసు తీసుకోరు కాబట్టి ముందు ఒక్కటే కొని, రోజంతా వేసుకుని చూసి, మిగతా రెండూ తీసుకో. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్, నేను మాట్లాడతాను.

మీ పిన్ని