ఎక్స్‌పైరీ డేట్ దాటిన మాత్రలు వేసుకోవచ్చా?

అమ్మగారి బీపీ మాత్రల గడువు పోయిన నెలతో అయిపోయింది, ఇంకా సగం స్ట్రిప్ ఉంది, వాడొచ్చా అని అడిగారు. వద్దండీ, కొత్తవి తెచ్చుకోండి. బీపీ మందు బలం తగ్గితే పైకి తెలియదు.

అలాగని తేదీ దాటగానే మాత్ర విషమైపోదు, ఒకటి వేసుకున్నారని టెన్షన్ పడకండి. సరిగ్గా నిల్వ చేస్తే అప్పటిదాకా పూర్తిగా పనిచేస్తుందని కంపెనీ ఇచ్చే హామీ అది. నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెలాఖరు వరకు వాడొచ్చు. అమెరికా సైన్యం నిల్వల మీద చేసిన పరీక్షల ఫలితాలు 2006లో వచ్చాయి: 122 రకాల మందుల బ్యాచ్‌లలో 88 శాతానికి గడువు కనీసం ఏడాది పొడిగించగలిగారు. కానీ అవి సీల్ తీయకుండా, పద్ధతిగా దాచినవి. మే నెల ఎండల్లో మన వంటింటి అల్మారాలో, ఫ్రిజ్ పైన పడి ఉన్న స్ట్రిప్‌కు ఆ లెక్క పనికిరాదు.

ఇన్సులిన్, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్, నీళ్లు కలిపి ఇచ్చే పిల్లల యాంటీబయాటిక్ సిరప్, వీటి విషయంలో ఒక్కరోజు కూడా సాగదీయొద్దు. కంటి చుక్కలైతే మూత తీశాక చాలావాటికి సుమారు నెలే గడువు, సీసా మీద ఏ తేదీ ఉన్నా సరే. ఆస్పిరిన్ డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే అది చెడిపోతున్నట్టే.

మెడికల్ షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇస్తే తేదీ ఉన్న ముక్క అక్కడే ఉండిపోతుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోండి.