పాత డాస్ గేములు, మారియో 4కే టీవీలో: స్మూత్ ఫిల్టర్ పెట్టాలా వద్దా

మీరడిగింది ఏంటంటే, ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐతో 4కే టీవీకి తగిలించి ప్రిన్స్ (ప్రిన్స్ ఆఫ్ పర్షియా), మారియో ఆడుతుంటే బొమ్మ ఒకసారి మసగ్గా, ఒకసారి గళ్ళుగళ్ళుగా వస్తోంది, నున్నగా చేసే ఫిల్టర్ ఏది బెస్ట్ అని. సరిగ్గా ఇదే పని మీద నేను రెండు ఆదివారాలు తగలేశానండీ, అందుకే కాస్త పొడుగ్గా చెప్తా.

మాది గుంటూరు. అప్పట్లో బ్రాడీపేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫాక్స్‌ప్రో నేర్చుకోమని నాన్నగారు ఫీజు కడితే నేను నేర్చుకుంది ప్రిన్స్‌లో కత్తి తిప్పడం, సారు టీకి బయటికెళ్తే చాలు ఫ్లాపీ లోపలికెళ్ళేది. పోయినేడు మావాడికి అది చూపిద్దామని, పాత డాస్ గేములు ఇప్పటి కంప్యూటర్లలో ఆడించే డాస్‌బాక్స్ వేసి, నెట్‌లో అందరూ తెగ పొగుడుతున్నారు కదా అని హెచ్‌క్యూ ఫిల్టర్ పెట్టా. ప్రిన్స్ మొహం గుంటూరు మే నెల ఎండలో పెట్టిన మైనపు బొమ్మలా తయారైంది, మావాడు "నాన్నా, వీడికేమైంది" అన్నాడు.

ఏమైందంటే, ఈ హెచ్‌క్యూ2ఎక్స్ ఫిల్టర్ (2003 నాటిది) ఒక్కో చుక్కని (పిక్సెల్‌ని) దాని చుట్టూ ఉన్న 8 చుక్కలతో పోల్చి చూస్తుంది, ఒక్కోటి ఒకే రంగా, వేరే రంగా అని, అంటే మొత్తం 256 రకాల అమరికలు, ఏ అమరికకి ఎలా రంగులు కలపాలో ముందే రాసిపెట్టిన పట్టిక ఉంటుంది. పెద్ద గీతకి బాగానే పనిచేస్తుంది. కానీ ప్రిన్స్ మొహమే నాలుగైదు చుక్కలు, అందులో కన్నేదో ముక్కేదో దానికేం తెలుసు, అన్నీ కలిపి గుండ్రంగా చేసేస్తుంది. ఇంకో చిక్కు, అది ప్రతి ఫ్రేముని విడిగా చూస్తుంది, ముందు ఫ్రేములో ఏం చేసిందో గుర్తుండదు. ఈ గేము తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తుతుంటే వీడియో తీసి, అది చూసుకుంటూ ఫ్రేము ఫ్రేము గీసిన నడక అది, ఆ గేమ్ అందమంతా ఆ కదలికలోనే ఉంది, ఫిల్టర్ పెడితే అడుగడుక్కీ అంచులు వణుకుతాయి. ఆగి ఉన్న స్క్రీన్‌షాట్‌లో ఇది కనపడదు, అందుకే నెట్‌లో స్క్రీన్‌షాట్లు చూసి మోసపోకండి.

సరే మరి అప్పుడు మనకి నున్నగా ఎందుకు కనపడేది? ఇది తేల్చుకుందామని మా బావ షాపులో మూలన పడున్న పాత మానిటర్, విండోస్ 98 ఉన్న డెస్క్‌టాప్ తెచ్చా (మా ఆవిడ ఏమందో రాయను). అందులో ప్రిన్స్ పెట్టి, మా తాతయ్య పంచాంగం చూసుకునే భూతద్దంతో చూస్తే, ఒక్కో వరస రెండు గీతలుగా పడుతోంది. ఆ గేము 320 బై 200, వీజీఏ కార్డు (కంప్యూటర్లో బొమ్మని మానిటర్‌కి పంపే భాగం) ఆ 200 వరసల్ని రెండేసి సార్లు గీసి 400 చేసి పంపుతుంది, అందుకని మధ్యలో నల్ల ఖాళీలు దాదాపు కనపడవు. పక్కనే పాత డబ్బా టీవీకి కేసెట్ గేమ్ తగిలించి మారియో పెడితే అక్కడ కథే వేరు, 240 వరసలు ప్రతిసారీ అవే గీతల మీద పడతాయి, మధ్య గీతలు ఖాళీగా నల్లగా ఉండిపోతాయి, పైగా ఆ పసుపు పిన్ను వైరులో రంగులు పక్కకి కాస్త పూసుకుపోతాయి. అదే మన కళ్ళకి నునుపు.

కాబట్టి ఏ ఫిల్టర్ అని కాదు, ఆ గేమ్ అప్పట్లో దేంట్లో చూశాం అన్నదే అసలు ప్రశ్న. డాస్ గేముల మీద లావుపాటి నల్ల గీతలేసి "పాత ఫీలింగ్" అనేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, వీజీఏ మానిటర్లో అవి ఎప్పుడున్నాయండీ.

ఫిల్టర్ కంటే ముందు ఆకారం సరిచేసుకోండి. 320 బై 200 ని 4:3 స్క్రీన్ మీద సాగదీసి చూసేవాళ్ళం, అంటే ఒక్కో చుక్క వెడల్పు కంటే ఎత్తు 1.2 రెట్లు. అది సరిచేయకపోతే ప్రిన్స్ పొట్టిగా బొద్దుగా వస్తాడు. డాస్‌బాక్స్‌లో యాస్పెక్ట్ ట్రూ పెట్టాలి, డాస్‌బాక్స్ స్టేజింగ్ అనే కొత్త వెర్షన్లో ముందే ఆన్‌లో ఉంటుంది. మీది 4కే కాబట్టి ఇంకో లాభం ఉంది, 4:3 ఆకారంలో 2880 బై 2160 లో చూపిస్తే వెడల్పు సరిగ్గా 9 రెట్లు, ఎత్తు 10.8 రెట్లు, అంటే కొన్ని వరసలు 10 గీతలు కొన్ని 11, కంటికి ఆనదు. అదే ఫుల్ హెచ్‌డీ టీవీ అయితే 5.4 రెట్లు, కొన్ని వరసలు 5 కొన్ని 6, స్క్రీన్ పైకీ కిందకీ జరిగేటప్పుడు తెలిసిపోతుంది. మారియోకైతే 240 ఇంటూ 9 అంటే 2160, అచ్చంగా సరిపోయింది, కేసెట్ గేములు కంప్యూటర్లో ఆడించే రెట్రోఆర్చ్‌లో ఇంటీజర్ స్కేల్ (పూర్ణ సంఖ్య రెట్లే పెంచడం) ఆన్ చేస్తే చాలు. మసక పోవాలంటే బైలీనియర్ (పక్కపక్క చుక్కల రంగులు కలిపేసే సెట్టింగ్) ఆపేయండి, మామూలు డాస్‌బాక్స్‌లో అవుట్‌పుట్ దగ్గర ఓపెన్‌జీఎల్ఎన్‌బీ అని ఉంటుంది, ఆ చివర్లో ఎన్‌బీ అంటే బైలీనియర్ వద్దు అని.

షేడర్ (బొమ్మకి పాత సీఆర్టీ, అంటే డబ్బా స్క్రీన్ లుక్ తెచ్చే ఫిల్టర్) విషయానికొస్తే, స్టేజింగ్‌లో సీఆర్టీ ఆటో ఉంది, గేమ్ ఏ మోడ్‌లో నడుస్తుందో చూసి తనే మారుతుంది, ప్రిన్స్‌కి అదే వాడుతున్నా. మారియోకి సీఆర్టీ ఈజీమోడ్. రాయల్ అని ఒకటుంది, చూడ్డానికి మహారాజే గానీ నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ గ్రైండర్‌లా మోగింది, ఆపేశా. మందపాటి గీతల కార్టూన్ టైపు గేములకి హెచ్‌క్యూ లాంటిదే ఎక్స్‌బీఆర్ అనే ఫిల్టర్ పర్లేదు, కాదనను.

టీవీ సైడు కూడా చూసుకోండి, షార్ప్‌నెస్ తగ్గించేయండి, లేకపోతే అంచుల చుట్టూ తెల్ల గీత వస్తుంది. గేమ్ మోడ్ ఆన్ చేయండి, టీవీ చేసే ఆలస్యం తగ్గుతుంది. అది పెట్టకముందు మావాడు మీట నొక్కాక ప్రిన్స్ కాస్త ఆలోచించుకుని దూకేవాడు, రోజూ అదే ముళ్ళ గుంటలో పడేవాడు, వాడేమో గేమ్‌నే తిట్టేవాడు.