మెట్రో హోరుకు హెడ్‌ఫోన్స్

ప్రశ్న: రోజూ నాగోలు నుంచి రాయదుర్గం మెట్రోలో వెళ్తాను. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ సగం ధరకు వస్తున్నాయి. కొనొచ్చా? కళ్లద్దాలు పెట్టుకుంటాను.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: కొనొచ్చండి. జీఎస్టీ బిల్లు, మన దేశంలో చెల్లే వారంటీ ఉండాలి. పెట్టె మీది సీరియల్ నంబరు హెడ్‌ఫోన్స్ మీదిదానితో కలవాలి. బయటి హోరును మైకులు పట్టుకుంటే, స్పీకర్లు దానికి ఎదురు తరంగాన్ని పుట్టిస్తాయి. అందుకే రైలు, ఏసీల నిలకడైన హోరు బాగా తగ్గుతుంది. మాటలు, హారన్లు కొంత వినిపిస్తూనే ఉంటాయి. మీరు తప్పకుండా అద్దాలతోనే పెట్టి చూడండి. కాడల దగ్గర సందు పడితే ఆ హోరే లోపలికొస్తుంది, ఎంత ఖరీదైనదైనా అంతే. మన ఉక్కకు కుషన్లు చెమటపడతాయి. దిగగానే పొడిగుడ్డతో తుడవండి. కొన్నాళ్లకు పైపొర పొట్టు రాలుతుంది కనుక విడి కుషన్లు దొరికే మోడలే మేలు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసేయండి.